ముప్పై బారల ఊరు

నమోదు 1. ఆదివారం

చివరి రోజు ఇలా గడిచింది. పొద్దున వేణి రెండు చెంచాల జావ తాగింది. ఉప్పు ఎక్కువైందంది. నేను రుచి చూసి కాదన్నాను. "నాలుక నాదా, మీదా?" అంది. తల దువ్వమంది. దువ్వాను. జుట్టు ఎక్కువ లేదు, తొందరగా అయిపోయింది. మధ్యాహ్నం నూకాలు వచ్చి కూర్చుంది. అక్కచెల్లెళ్లిద్దరూ ఎవరి పెళ్లిలోనో పులిహోర చాలకపోవడం గురించి చెప్పుకుని నవ్వారు. నూకాలు వెళ్లాక వేణి గోడవైపు తిరిగి పడుకుంది. నీరెండ వేళకు డాక్టరు పడవ వచ్చింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని చూశారు. తరవాత నా భుజం మీద చెయ్యి వేశారు. మర్నాడు ఊరి పొలిమేర తాడు దాటించి నీటికి అప్పగించాం. ఊరంతా పడవల్లో వచ్చింది.

ఇది పీపాలలంక కొలతల లాగ్. గాలి, పోటు, జనం, విస్తీర్ణం ఇందులో రాయాలి. పైన రాసినలాంటివి రాయకూడదు. రాశాను. చాలా రోజుల తరవాత ఇది మొదటి నమోదు.

గాలి ఈశాన్యం, తేలిక. పోటు మామూలే. జనం: గత నమోదు కన్నా ఒకరు తక్కువ.

నమోదు 2. మంగళవారం

పొద్దున మూడో వరుస ఇళ్ల కింద పడవ వేసుకుని పీపాలు తట్టి చూశాను. మా ఊరు నిలబడింది పీపాల మీద. గాలి నిండుగా ఉన్న పీపా డోలులా మోగుతుంది. నీళ్లు చేరిన పీపా మూలుగుతుంది. మూలిగేవి మూడు దొరికాయి. గుర్తు పెట్టాను. పై నుంచి అంట్లు కడిగిన నీళ్లు నా నెత్తిన పడ్డాయి.

"సూసుకోండి మాస్టారూ," అంది ఒక ఆడమనిషి, పోశాక.

మూడో వరుసలో మంచం ఎత్తి గోడకు నిలబెడితే గాని తలుపు తెరుచుకోదు. ఒకరి వంట పొగ ఇంకొకరి కళ్లలో ఉంటుంది. రెండు ఇళ్లకు కలిపి ఒకే కిటికీ ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. ఏ ఇంటివాళ్లు ఎప్పుడు చూడాలో వాళ్లకు ఒప్పందం ఉంది.

ఇంటికి వచ్చేసరికి నూకాలు అరుగు మీద కూర్చుని ఉంది. నూకాలు నా భార్య వేణికి చిన్నాన్న కూతురు, ఈ ఊరి ప్రెసిడెంటు. ఏడూళ్ల సభ నుంచి కబురు వచ్చిందట. కొత్త పెద్ద తెప్ప తయారైంది. దాని మీద నలభై ఇళ్లు కట్టుకోవచ్చు. ఏడు నీటి ఊళ్లలో ఏది అన్నిటికన్నా ఇరుకో ఆ ఊరికి ఇస్తారు. ఏది ఎంత ఇరుకో సభ వరుసపెట్టి పంపింది. మొదటిది ఇనపరేవు. మనం ఐదో ఊరు.

"ఐదేటి బావా? మనూళ్లో ఒకడు తుమ్మితే ముగ్గురికి జలుబు సేస్తాది. ఐదేటి?"

"జనాన్ని విస్తీర్ణంతో భాగిస్తారు. మన తాడు పెద్దది, నూకాలూ."

"తాడు పెద్దదైతే మనుషులు పల్చబడిపోతారేటి?"

"లెక్కలో పల్చబడతారు."

"అయితే లెక్కని తీసుకొచ్చి మూడో వరుసలో ఒక రాత్రి పడుకోబెట్టు," అని లేచి వెళ్లిపోయింది.

ఆమె కోపం న్యాయమే. నీళ్ల మీద ఊరికి పొలిమేర అంటే బెండ్ల మీద తేలే తాడు. తాడు లోపలున్నదంతా ఊరు. మా తాడు లోపల ఇళ్లున్న చోటు ఐదో వంతు. మిగిలిందంతా నాచు మడులు. అవి మా తిండి, మా అమ్మకం. కానీ అక్కడ ఎవరూ మంచం నిలబెట్టుకోవడం లేదు.

తాడు అంత దూరం ఎలా పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. ఏటా ఒక రోజు ఊరంతా పడవలెక్కి తాడుకు పట్టిన గుల్లలు గీకుతాం. ఆ రోజు, ఆ ఏడాది పెళ్లయిన జంటలు తలా ఒక బెండు దగ్గరికి వెళ్లి దాన్ని తెడ్డంత పొడవు బయటికి తోస్తారు. కొత్త సంసారానికి ఊరు అంత చోటు ఇచ్చినట్టు. మా తాతల కాలం నుంచీ ఇదే. ఏటికి పది పదిహేను పెళ్లిళ్లు. తోసిన బెండును వెనక్కి లాగే ఆచారం మాకు లేదు.

మేమూ తోశాం. వేణి తెడ్డు నీళ్లలో జారవిడిచింది. నేను చొక్కాతోనే దూకి తెచ్చాను. ఊరంతా నవ్వింది, ఆమె అందరికన్నా ఎక్కువ.

నమోదు 3. గురువారం

సభకు అభ్యంతరం రాయాలంటే ముందు మన కొలత సరిగా ఉండాలి. తాడు మళ్లీ కొలవడానికి వెళ్లాను. కొలతతాడుకు రెండు కొసలు. రెండో కొస ఎప్పుడూ వేణి పట్టుకునేది. ఈరోజు దాన్ని ఒక గుంజకు కట్టి పని మొదలుపెట్టాను. గుంజ తేలుతున్న బల్లది. నేను లాగిన కొద్దీ బల్ల నా వెనకే వచ్చింది. చాలాసేపటికి గాని తెలుసుకోలేదు.

"మాస్టారూ, మా ఇల్లు ఎక్కడికి లాక్కెళ్తన్నారు?"

బల్ల మీద నుంచి చిట్టెమ్మ అడిగింది. నాచు మడుల అంచున కాపురముండే గురువులు కూతురు. చంకలో పిల్ల ఉంది. ఆమె భర్త చేపల ఓడ మీద వెళ్లాడు, వానలకు గాని రాడు.

"క్షమించమ్మా. కొస పట్టుకునేవాళ్లు లేక..."

"ఇటివ్వండి. ఒంటిగా తాడు కొలిసేవోడిని మిమ్మల్నే సూశాను."

పిల్లను చంకన వేసుకునే తాడు పట్టుకుంది. పిల్ల కొసను నోట్లో పెట్టుకుంది. పది కొలతలయ్యాక ఆ కొస తడిసి ముద్దయింది. కొలతలు మాత్రం సరిగా వచ్చాయి.

మధ్యాహ్నం గురువులు భార్య ఎర్రమ్మ అన్నం పెట్టింది, నాచు పచ్చడితో. పచ్చడి చాలా బాగుంది. రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఎప్పటి తరవాతో.

నాచువాళ్లవి పదకొండు ఇళ్లు. అన్నీ విడివిడి బల్లల మీద. వాళ్ల పీపాలు తట్టి చూశాను. మోగే వాటికన్నా మూలిగేవే ఎక్కువ. పోటు వచ్చినప్పుడు నీళ్లు బల్ల మీదికి ఎక్కుతాయి. అందుకని పిల్ల ఊయలను దూలానికి ఎత్తుగా కట్టారు.

"తెప్ప వస్తే మొదటి మూల మాకే ఇత్తానన్నాది మీ మరదలు," అన్నాడు గురువులు. "ఈ వానలకి ఈ బల్ల ఆగదు మాస్టారూ. ఇది ఆగినా దీని మీద నాను ఆగను."

కొలత పూర్తయింది. విస్తీర్ణం అరవై ఎకరాలు, సభ రాసినట్టే. తప్పు వాళ్ల లెక్కలో లేదు.

నమోదు 4. శనివారం

సాయంత్రం చేపలు దింపే చెక్క తట్టు మీద ఊరి సభ. చోటు చాలక కుర్రకారు పడవల్లో నిలబడి విన్నారు.

నూకాలు రెండు మాటల్లో తేల్చేసింది. "తాడు లోపలికి లాగేద్దాం. ఇళ్ల అంచుదాకా. బావా, అప్పుడు మనం ఎన్నోది?"

"మొదటిది. ఎకరానికి రెండు వందల మంది పడతారు. ఇనపరేవుది నూట ఇరవై."

ఈలలు వేశారు. తరవాత గొడవ మొదలైంది. మొదట లేచింది వలలు అల్లే సింహాచలం. ఎనభై దాటిన మనిషి.

"నా పెళ్లి తెడ్డు ఎవడు లాగుతాడో రమ్మను."

"నీ తెడ్డు ఏదో నీకు తెలుసేటి తాతా?"

"ఉత్తరం పక్క. మూడో బెండు."

"మూడో బెండు మాది. మాకు ఫోటో ఉన్నాది."

"నీ పెళ్లాం పుట్టినింటికి పోయి మూడేళ్లు. నీకు తెడ్డేటి?"

"పోయింది పెళ్లాం, తెడ్డు కాదు."

ఇలా చాలాసేపు సాగింది. ఎవరి తెడ్డు ఎక్కడో ఎవరూ చూపించలేరు. బెండు ఒకటే, దాన్ని తోసినవాళ్లు వందల మంది. నా తెడ్డు కూడా నాకు తెలియదు. పడమర పక్క అని మాత్రం తెలుసు.

అందరూ నవ్వి అలిసిపోయాక గురువులు లేచాడు.

"తాడు లాగితే మా పదకొండిళ్లు బయట ఉండిపోతాయి గదా."

"వారం రోజులు, మావా," అంది నూకాలు. "సభ మనిషి వచ్చి సూసి ఎల్లేదాకా. తరవాత మళ్లీ తోసేద్దాం."

"ఆ వారం మేం ఏ ఊరోళ్లం?"

తాడు బయట ఉన్నవాళ్లకు మంచినీటి గొట్టం రాదు. డాక్టరు పడవ రాదు. అన్నిటికన్నా ముఖ్యం, తెప్ప మీద ఇల్లు రాదు. కొలిచిన రోజున తాడు లోపల ఉన్నవాళ్లకే అది. ఈ ఊళ్లో తెప్ప అత్యవసరం ఎవరికంటే గురువులుకీ, ఆ పదకొండు ఇళ్లకీ. తెప్ప రావాలంటే వాళ్లను వదిలెయ్యాలి. వాళ్లను ఉంచుకుంటే తెప్ప రాదు. తాడు ఎక్కడుందో సంతకం పెట్టాల్సింది నేను.

"ముందు ఇనపరేవు చూసి వస్తాను," అన్నాను. "వాళ్లు అంత ఇరుకు ఎలా అయ్యారో చూడాలి."

"నేనూ వస్తాను," అంది నూకాలు. "నువ్వు వాళ్లు పెట్టిన టీ తాగి మొహమాటపడిపోతావు."

నమోదు 5. సోమవారం

ఇనపరేవు పాత ఓడల మీద కట్టిన ఊరు. ఓడకూ ఓడకూ మధ్య విశాలమైన నీటి వీధులు. డెక్కుల మీద పిల్లలు బంతాట ఆడుతున్నారు. ఒక డెక్కు మీద సొరపాదు, దాని కింద ఒక ముసలాయన కాళ్లు చాపుకుని నిద్రపోతున్నాడు. అటూ ఇటూ ఎవరూ లేరు.

నూకాలు ఆయన్నే చాలాసేపు చూసింది. "బావా, సూడు. కాళ్లు పూర్తిగా సాపుకున్నాడు."

వాళ్ల పొలిమేర చూపించమని అడిగాను. ఒక కుర్ర ఉద్యోగి సంతోషంగా చూపించాడు. తాడు లేదు. ఒక్కో ఓడ చుట్టూ పసుపు రంగు గీత ఉంది. అంతే.

"మరి ఓడల మధ్య నీళ్లు?"

"అవి ఊరివి కావండీ. సముద్రానివి."

"ఆ వంతెనలు?"

"వంతెనలు కూడా లెక్కలోకి రావండీ. వాటి మీద ఎవరూ కాపురముండరు గదా."

"ఆ సొరపాదు?"

అతను కొంచెం ఆలోచించాడు. "పాదు మాదే. కాయలు గీత బయటికి వేలాడతన్నాయి."

మోసం అనడానికి లేదు. నియమాల్లో ఎక్కడా తప్పు లేదు. వాళ్లు మనుషుల్ని అందరినీ లెక్కపెట్టారు, చోటును మాత్రం మనిషి నిలబడ్డ మేరకే లెక్కపెట్టారు. మేం పెళ్లయిన ప్రతిసారీ చోటును పెంచుకుంటూ పోయాం. రెండు ఊళ్ల అంకెలనూ పక్కపక్కన పెడితే వచ్చేది ఊళ్ల పోలిక కాదు, గీతల పోలిక.

దాహం వేసి ఒక ఓడ పక్కన పడవ ఆపి కేకేశాను. జవాబు లేదు. నూకాలు కేకేసింది. ఆమె కేకకు పక్షులు లేచాయి. చివరికి ఎక్కడో రెండు ఓడల అవతల నుంచి ఒకామె తల బయట పెట్టింది.

"ఇరుకూరట," అంది నూకాలు. "మనూళ్లో అయితే ఈపాటికి నలుగురు చెంబులతో వచ్చి, ఎందుకు దాహమేసిందని కూడా అడిగుందురు."

తిరుగు ప్రయాణంలో అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఊరి చుట్టూ గీత గియ్యడం మానెయ్యాలి. మనిషి చుట్టూ గియ్యాలి. ఏ ఊరివాడైనా సరే, తన గుమ్మంలో నిలబెట్టి, అందరికీ ఒకే పొడవు తాడుతో గుండ్రంగా చుట్టి, ఆ చుట్టులో ఎంతమంది కాపురముంటున్నారో చూడాలి. అలా ఊళ్లో ప్రతి ఒక్కరికీ చూసి సగటు కట్టాలి. అప్పుడు నాచు మడులు ఎంత పెద్దవైనా ఒకటే, నీళ్లు ఎవరివైనా ఒకటే. మనిషి లేని చోటు లెక్కలో ఎవరి పక్కనా నిలబడదు.

నూకాలుకు చెప్పాను. ఆమె పడవ అంచున కూర్చుని, తెడ్డు నీళ్లలోనే ఆపి విన్నది.

"అంటే మా ఇంటి పక్కన ఎంతమంది ఉన్నారో నన్నే అడుగుతావు. సముద్రాన్ని అడగవు."

"అంతే."

"ఇంత సిన్న మాటకి ఇన్నేళ్లు సదువుకున్నావా బావా?" అని తెడ్డు వేసింది. ఊరు చేరేదాకా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది.

నమోదు 6. శుక్రవారం

పోయిన వారం ముప్పై బారల తాడు కట్టాను. బార అంటే రెండు చేతులూ చాపినంత. ఎవరి చేతులని చిట్టెమ్మ అడిగింది. నావని చెప్పాను. మీరు పొట్టి, ఊరికి నష్టం అంది. తాడు అన్ని ఊళ్లకూ ఒకటే గనక నష్టం లేదని చెప్పాను. అయినా ఇంకో అంగుళం వదలమంది. వదల్లేదు.

మొదటి ప్రయత్నం మా ఇంటి గుమ్మంలోనే. నేను నడుమ నిలబడ్డాను. ఆమె పడవలో తాడు చివర పట్టుకుని చుట్టూ తిరిగింది. ఇళ్ల మధ్య తాడు తట్టుకున్న ప్రతిచోటా ఆగి ఆ ఇంటివాళ్లతో మాట్లాడింది. ఒక చుట్టుకు పూట పట్టింది. చుట్టులో నాలుగు వందల పన్నెండు మంది. తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో రెండు గారెలు, పిల్ల చేతిలో ఒకటి, మూడు ఇళ్ల కబుర్లు ఉన్నాయి.

సభకు రాసి పంపాను. ఒప్పుకుంటారని అనుకోలేదు. ఏడు ఊళ్లూ ఒప్పుకున్నాయి. కొత్త పద్ధతిలో తామే గెలుస్తామని ఏడూ అనుకున్నాయట. ఇనపరేవు కూడా. కొలిచే పని సభ అధికారి తులసీరాంకు అప్పగించారు. ఆయన ఒక్కో ఊళ్లోనూ చీట్లు తీసి కొన్ని గుమ్మాలను ఎంచి చుట్టు వేయిస్తారు. మా ఊరు ఆఖరు.

నమోదు 7. ఆదివారం

మూడు వారాలకు తులసీరాం వచ్చారు. సన్నగా, పొడుగ్గా, గొడుగుతో. ఏ ఊళ్లోనూ టీ తాగరట, నియమం. నూకాలు టీ అనకుండా చేపల పులుసు తెచ్చింది. పులుసు గురించి నియమాల్లో ఏమీ లేదని ఆయనే ఒప్పుకున్నారు.

లెక్క ఎలా సరిచూడాలన్నది ఆయన సందేహం. "చుట్టు లోపల ఎంతమంది అన్నది మీరు చెప్తే రాసుకోలేను. నేను చూడాలి."

"సూడ్డం కష్టం బాబూ, ఇరుకు," అంది నూకాలు. "ఇనండి."

చీటీలో పేరు వచ్చిన గుమ్మం చుట్టూ తాడు తిప్పగానే లోపలున్నవాళ్లంతా ఇంటి కప్పుల మీదికి ఎక్కారు. తలా ఒక కంచం, గరిటె. ఒక్కొక్కరే వరసగా ఒక్క దెబ్బ కొట్టాలి. తులసీరాం వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకుంటారు. మొదటి చుట్టు బాగానే జరిగింది. రెండో చుట్టులో ఒక పెద్దాయన రెండు దెబ్బలు కొట్టాడు. మళ్లీ మొదటి నుంచి. మూడో చుట్టుకు ఎవరో డోలు తెచ్చారు. అది ఒకే మనిషిగా లెక్క అని తులసీరాం గట్టిగా చెప్పారు. మధ్యాహ్నానికి తాడు లోపల లేనివాళ్లు కూడా కప్పులెక్కి ఊరికే కొడుతున్నారు. ఆయన గొడుగు మూసి, చెవులు మూసుకుని, నవ్వడం మొదలుపెట్టారు.

"మాస్టారూ, ఆరు ఊళ్లు కొలిచాను. ఇలా ఎక్కడా తలనొప్పి రాలేదు," అన్నారు.

నాచువాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఎండ తగ్గింది. చిట్టెమ్మ గుమ్మంలో చుట్టు వేశాం. ముప్పై బారల్లో మూడు బల్లలు, పద్నాలుగు మంది. కంచాల చప్పుడు నీళ్ల మీద పలచగా వినిపించింది. పిల్ల కంచం కొట్టలేదని చిట్టెమ్మ దాని చేత్తో కొట్టించింది. పదిహేను అని తులసీరాం దిద్దుకున్నారు.

నేను లాగ్‌లో రాయని రోజుల్లో ఊళ్లో చప్పుడు ఉందో లేదో నాకు గుర్తు లేదు. ఉండే ఉంటుంది.

నమోదు 8. సోమవారం

ఫలితం ఈరోజు. చేపల తట్టు మీద అందరూ ఉన్నారు. నూకాలు కొత్త చీర కట్టుకుంది. గురువులు ముందు వరసలో కూర్చున్నాడు.

తులసీరాం చదివారు. ఇనపరేవులో మనిషి చుట్టూ సగటున నూట డెబ్బై మంది. ఈలలు. అందరికన్నా పైన ఉన్నది ఉప్పుమేడ, మూడు వందల తొంభై ఒకటి. ఈలలు ఆగిపోయాయి. ఉప్పుమేడ పాత వరుసలో ఆరోది, మాకన్నా కింద. దాని పొలిమేరలో సగం చచ్చిన పగడపు దిబ్బ. అక్కడ ఎవరూ ఉండలేరు. ఇన్నేళ్లూ ఆ దిబ్బ వాళ్లను కాగితం మీద విశాలంగా చూపించింది. ఆ ఊరి గురించి మాలో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

"మీ ఊరి అంకె చెప్పే ముందు ఒకటి అడగాలి," అన్నారు తులసీరాం. గొంతు తగ్గించలేదు, అందరూ వినాలనే అడిగారు. "కొత్త పద్ధతిలో పొలిమేర తాడు లేదు. అందుకని ఎవరు మీ ఊరివాళ్లో మీరు చెప్పిందే నేను రాసుకుంటాను. ఆ బయటి పదకొండు ఇళ్లు మీ లెక్కలోకి వస్తాయా?"

"వస్తే ఎంత, రాకపోతే ఎంత?" అడిగింది నూకాలు.

"రాకపోతే మూడు వందల తొంభై ఆరు. వస్తే మూడు వందల ఎనభై ఎనిమిది."

నేను మనసులో సరిచూసుకున్నాను. సరిగ్గానే ఉంది. ఊళ్లో ఉన్నది రెండు వేల నాలుగు వందల మంది. నాచువాళ్లు యాభై రెండు మంది. ఆ కొద్దిమంది చుట్టూ మనుషులు తక్కువ కాబట్టి సగటును అంత కిందికి లాగారు. సరిగ్గా ఉప్పుమేడ కిందికి. తాడు తీసేశానని అనుకున్నాను. అది నీళ్ల మీద నుంచి లేచి ఇక్కడ, మా మధ్యకి వచ్చి కూర్చుంది.

గురువులు లేచాడు. "మమ్మల్ని తీసెయ్యండి బాబూ. ముందు తెప్ప రానీ. తరవాత ఎక్కించుకుంటారు."

"లెక్కలో లేనివాళ్లకు తెప్ప మీద ఇల్లు ఇవ్వడానికి లేదు," అన్నారు తులసీరాం. "ఆ నియమం మారలేదు."

"తెలుసు బాబూ." గురువులు కూర్చోలేదు. "ఊరికన్నా వస్తాది గదా."

నలభై ఇళ్లు. మూడో వరుస సగం ఖాళీ అయ్యేది. మంచాలు నేల మీద ఉండేవి. అందరూ నూకాలు వైపు చూస్తున్నారు. ఆమె నా వైపు చూసింది. కొలత చెప్పడమే నా పని, అది అయిపోయింది. చెప్పాల్సి వస్తే ఏం చెప్పేవాడినో మాత్రం నాకు తెలుసు. ఆమెకూ తెలిసిందనుకుంటాను.

"రాసుకోండి," అంది నూకాలు. "యాభై రెండు మంది. చిట్టెమ్మ పిల్లతో కలిపి."

వెనక నుంచి ఎవరో అన్నారు: "అయితే తెప్ప పోయినట్టే గదా."

"పోతే పోనీ. మంచం నిలబెట్టడం నీకు అలవాటే. పండుకోబెట్టడమే మరిసిపోయావు."

మొదట నవ్వింది మూడో వరుస ఆడవాళ్లు. తరవాత అందరూ. గురువులు నవ్వలేదు. కండువాతో ముఖం తుడుచుకుని, నిలబడ్డ చోటే చాలాసేపు ఉన్నాడు. తులసీరాం అంకె రాసి, చుట్టూ చూసి, నియమం పక్కన పెట్టి టీ అడిగారు.

నమోదు 9. గురువారం

ఉప్పుమేడ నుంచి నాలుగు పడవలు వచ్చాయి. ఎండుచేపలు, పీతలు, ఒక మేళం. ఆ ఊళ్లో పిల్లలు వంతులేసుకుని నిద్రపోతారట, చోటు చాలక. వాళ్ల ప్రెసిడెంటు ఒక చిన్నపాటి ముసలావిడ. నా రెండు చేతులూ పట్టుకుని, "ఈ చేతులేనా బాబూ, బార కొలిసినవి?" అని వాటిని చాపించి చూసింది. పొట్టిగా ఉన్నాయని ఆవిడ కూడా అంది. తెప్ప దింపే రోజు మా ఊరంతా రావాలట. ఊరంతా వస్తే మీ తెప్ప మునుగుతుందని నూకాలు చెప్పింది. సభ జాబితాలో ఇప్పుడు మేం రెండో ఊరు. తరవాతి తెప్ప మాది. రెండేళ్లు పడుతుంది.

వానలు రెండేళ్లు ఆగవు. అందుకని సాయంత్రం నూకాలు నాచువాళ్లను ఊళ్లోని ఇళ్లకు పంచడానికి కూర్చుంది. చోటు లేదని ఎవరైనా అంటారేమో అనుకున్నాను. గొడవ ఇంకో రకంగా జరిగింది. ఎర్రమ్మ నాచు పచ్చడి సంగతి ఊళ్లో చాలామందికి తెలుసు.

"ఎర్రమ్మ మాకు."

"మీకెందుకు? మీ ఇంట్లో తొమ్మిది మంది."

"పదో మనిషైతే పచ్చడి అరగదేటి?"

సింహాచలం తన ఇంటికి ఎవరినైనా పంపమన్నాడు, ఒక్క షరతు మీద: వచ్చినవాళ్లు మూడో బెండు ఆయనదేనని ఒప్పుకోవాలి. వెంటనే రెండు కుటుంబాలు ఒప్పుకున్నాయి.

చివరికి గురువులు, ఎర్రమ్మ, చిట్టెమ్మ, పిల్ల మిగిలారు. అందరూ వాళ్లనే అడుగుతున్నారు గనక నూకాలు ఎవరికీ ఇవ్వలేదు. నా వైపు తిరిగింది.

"బావా, ఊరి సగటు సెడగొడతన్నది ఎవరో తెలుసా? నువ్వే. రెండు గదులకి ఒక మనిషి. నీ గోడల సుట్టూ తాడేస్తే మనూళ్లో ఇనపరేవు నీ ఇల్లే."

ఊరంతా విన్నది. లెక్క సరైనదే.

"మీకు ఇబ్బందైతే ఒద్దు మాస్టారూ," అంది చిట్టెమ్మ. "పిల్ల రాత్రుళ్లు ఏడుస్తాది. మా నాన్న గురక పెడతాడు. అమ్మకి తెల్లారకుండానే రోలు కావాలి."

"గోడ పలచన," అన్నాను. "రోలు వంటింటి మూల వేసుకోవచ్చు."

"అంటే రమ్మనా?"

"రమ్మనే."

పిల్ల నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది. తీయడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. యాభై రెండు మందీ ఇళ్ల మధ్యకి వచ్చేస్తే ఒక్కొక్కరి చుట్టూ సగటు నాలుగు వందల ఐదు అవుతుంది. ఉప్పుమేడను దాటిపోతాం. నూకాలుకు చెప్తే, పరుగెత్తి తులసీరాంను వెనక్కి పిలుద్దామంది. ఆయన పడవ వెళ్లి మూడు రోజులైంది. ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత ఆమె, "అక్క ఉంటే నన్ను తిట్టుండేది, ఇల్లు సర్దుకోడానికి రెండు రోజులు ఇవ్వలేదని," అంది. అవునన్నాను. వేణి తిట్టేది. తిడుతూనే సర్దేది. ఆ మాట అనుకోగానే లేచి సర్దడం మొదలుపెట్టాను. ఇప్పుడే ముగిసింది.

గాలి దక్షిణం, తేలిక. పోటు పొద్దెక్కాక. జనం: మార్పు లేదు. మా ఇంట్లో: రేపటి నుంచి ఐదుగురు.

రేపు పొద్దున్నే, పోటు రాకముందే, పడవ వేసుకుని వెళ్తాను. వాళ్ల బల్లను కొత్త తాడుతో నా పడవకు కట్టి, సామాను మోసే పని లేకుండా ఇంటితో సహా మా గుమ్మానికి లాక్కొస్తాను. గురువులూ ఎర్రమ్మా తెడ్లు వేస్తారు. దారి చూడడానికి చిట్టెమ్మ ముందు నిలబడుతుంది. పిల్లను ఎత్తుకోవడం నా వంతు అని చెప్పారు.